స్థానిక సంస్థల ఎన్నికలకు ప్రాధాన్య ఓటింగ్: నిర్ణయం నుంచి లెక్కింపు దాకా చేయవలసిన పనులు, వాటి క్రమం

నగర పాలక మండళ్లలోనూ పౌర సంఘాల్లోనూ పనిచేసే పాఠకులు కొంతకాలంగా ఒకే ప్రశ్నను రకరకాలుగా అడుగుతున్నారు. ఓటరు ఒక్కరి పేరు పక్కనే గుర్తు పెట్టే పద్ధతిని మార్చి, అభ్యర్థులకు 1, 2, 3 అంటూ ప్రాధాన్య క్రమం ఇచ్చే పద్ధతిని తమ స్థానిక ఎన్నికలకు తేవాలా, తేవాలంటే ఏ పని ముందు, ఏది తర్వాత అన్నది ఆ ప్రశ్న. ఈ మార్గదర్శి దానికి సమాధానం.

భారత రాష్ట్రపతి ఎన్నికలోనూ, శాసనమండలి పట్టభద్రుల స్థానాల్లోనూ ఈ తరహా లెక్కింపే జరుగుతుంది కాబట్టి మొదటి ప్రాధాన్యం, ఎలిమినేషన్, కోటా అన్న మాటలు మనకు కొత్త కావు. ఇక్కడా ఆ మాటలే వాడుతున్నాను.

## 1. పరిష్కరించదలచిన సమస్యను ఒక్క వాక్యంలో రాయండి

చాలా చోట్ల చర్చ పద్ధతి పేరుతో మొదలవుతుంది. అది సమస్యతో మొదలు కావాలి, ఎందుకంటే వేర్వేరు సమస్యలకు వేర్వేరు మందులు ఉంటాయి. సాధారణంగా వినిపించేవి ఈ నాలుగు:

- ఒకే తరహా అభ్యర్థులు ఇద్దరు ముగ్గురు పోటీ చేయడంతో ఓట్లు చీలి, ఎక్కువమందికి ఇష్టంలేని వ్యక్తి 30 శాతం ఓట్లతో గెలుస్తున్నారు.
- ఎవరికీ సగం దాటకపోతే కొన్ని వారాల తర్వాత రెండో విడత పోలింగ్ పెట్టవలసి వస్తోంది, దానికి ఖర్చు ఎక్కువ, వచ్చే ఓటర్లు తక్కువ.
- ఊరంతా ఒకే నియోజకవర్గంగా అయిదారు స్థానాలకు ఎన్నిక జరిగితే 55 శాతం మద్దతున్న వర్గమే అన్నింటినీ గెలుచుకుంటోంది.
- పోలింగ్ శాతం తక్కువగా ఉంది, లేదా ప్రచారం దూషణలతో నిండిపోతోంది.

మొదటి రెండింటికి ఒకే స్థానానికి జరిగే ప్రాధాన్య ఓటింగ్ నేరుగా పనికొస్తుంది. శాన్‌ఫ్రాన్సిస్కో 2002లో దీన్ని ఆమోదించి 2004లో మొదటిసారి వాడింది రెండో విడత పోలింగ్‌ను తప్పించడానికే. మూడో సమస్యకు ఒకే స్థానపు పద్ధతి ఏ మాత్రం పనిచేయదు, అనేక స్థానాల పద్ధతి కావాలి. నాలుగోదాని మీద మీ వాదనను నిలబెట్టకండి, ఎందుకంటే ఆ విషయంలో వివిధ నగరాల అనుభవాలు ఒకే వైపు చూపడం లేదు. మొదటి ఎన్నికలో పోలింగ్ శాతం పెరగకపోతే, పద్ధతి చక్కగా పనిచేసినా విఫలమైందనే అంటారు.

తర్వాత పాత లెక్కలు బయటికి తీయండి. గత నాలుగైదు ఎన్నికల్లో ఒక్కో పదవికి ఎంతమంది పోటీ చేశారు, విజేతకు ఎంత శాతం వచ్చింది, రెండో విడత జరిగి ఉంటే ఆ రోజు ఎంతమంది వచ్చారు అన్న మూడు అంకెలతో ఒక పట్టిక చాలు. పోటీ దాదాపు ఎప్పుడూ ఇద్దరి మధ్యే ఉంటే ఇక్కడే ఆగిపోవచ్చు. ఇద్దరే ఉన్నప్పుడు ప్రాధాన్య ఓటింగ్ ఇచ్చే ఫలితం మామూలు ఓటింగ్ ఫలితమే.

## 2. ఒక స్థానమా, అనేక స్థానాలా?

ప్రాధాన్య ఓటింగ్ అన్న ఒకే పేరు కింద కనీసం మూడు వేర్వేరు లెక్కింపులు తిరుగుతున్నాయి. బ్యాలెట్ చూడటానికి ఒకలాగే ఉంటుంది కాబట్టి ప్రజలే కాదు, కౌన్సిల్ సభ్యులు కూడా వీటిని కలగలుపుతారు.

ఒకే స్థానం. మేయర్ పదవి, లేదా ఒక్క సభ్యుడే ఉండే వార్డు. చివరి స్థానంలో ఉన్నవారిని తొలగిస్తూ, వారి ఓట్లను తర్వాతి ప్రాధాన్యానికి బదిలీ చేస్తూ పోతారు.

అనేక స్థానాలు, ఒక్కటే బదిలీ ఓటు. ఒక వార్డులో ముగ్గురు లేదా అంతకంటే ఎక్కువమంది. కోటా, అంటే గెలుపుకు కావలసిన ఓట్ల సంఖ్య, చేరినవారు గెలుస్తారు, అంతకు మించి వచ్చిన మిగులు ఓట్లు కూడా బదిలీ అవుతాయి. స్కాట్లాండ్ స్థానిక మండళ్లు 2007 నుంచి, ఉత్తర ఐర్లాండ్ 1973 నుంచి, మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్ నగరం 1941 నుంచి దీన్ని వాడుతున్నాయి. ఆరిగన్‌లోని పోర్ట్‌లండ్ 2024లో నాలుగు డిస్ట్రిక్టుల నుంచి ముగ్గురు చొప్పున 12 మందిని ఇలాగే ఎన్నుకుంది, మేయర్‌ను మాత్రం ఒకే స్థానపు పద్ధతిలో ఎన్నుకుంది.

అనేక స్థానాలు, ఒక్కొక్కటిగా లెక్కింపు. మొదటి విజేతను తేల్చి, ఆయన పేరు పక్కనపెట్టి, అన్ని బ్యాలెట్లతో మళ్లీ మొదటినుంచి లెక్కించి రెండో విజేతను తేలుస్తారు. ఇందులో మొదటి స్థానాన్ని గెలిచిన వర్గమే రెండోదాన్నీ మూడోదాన్నీ గెలిచే అవకాశం ఎక్కువ. అమలు సులువని దీన్ని ఎంచుకునే చోట్లు ఉన్నాయి. మీ సమస్య పైన చెప్పిన మూడోదైతే దీన్ని తాకకండి, పేరు మారుతుంది కానీ ఫలితం మారదు.

ఈ అడుగు చివర మీ తీర్మానంలో "ప్రాధాన్య ఓటింగ్" అన్న మాట ఒంటరిగా ఉండకూడదు. ఏ పదవికి, ఎన్ని స్థానాలకు, ఏ లెక్కింపు అన్న మూడూ పక్కనే ఉండాలి.

## 3. పై చట్టం ఒప్పుకుంటుందో చూడండి

ఉత్సాహంగా సంతకాలు సేకరించిన తర్వాత చట్టం అడ్డుపడటం కంటే నిరుత్సాహం మరొకటి లేదు. అమెరికాలోని మెంఫిస్ ఓటర్లు 2008లోనే ఆమోదించినా అక్కడ ఒక్క ఎన్నికలోనూ ఈ పద్ధతి అమలు కాలేదు. చివరికి 2022లో టెనెసీ రాష్ట్రమే దీన్ని నిషేధించింది. ఫ్లారిడా కూడా అదే ఏడాది నిషేధించింది. కెనడాలోని ఒంటారియో 2016లో తన నగరాలకు అనుమతి ఇచ్చింది, అక్కడి లండన్ నగరం 2018లో వాడింది, 2020లో రాష్ట్ర ప్రభుత్వం ఆ అనుమతిని వెనక్కి తీసుకుంది.

న్యూజిలాండ్‌లో పరిస్థితి వేరు. అక్కడి 2001 నాటి స్థానిక ఎన్నికల చట్టం పద్ధతిని ఎంచుకునే హక్కును స్థానిక మండళ్లకే ఇచ్చింది. మండలి తీర్మానించవచ్చు, లేదా 5 శాతం ఓటర్లు కోరితే ప్రజాభిప్రాయ పోలింగ్ పెట్టాలి.

న్యాయవాదిని అడగవలసిన ప్రశ్నలు:

- పై చట్టంలో "ఎక్కువ ఓట్లు వచ్చినవారు గెలిచినట్టు" అన్న వాక్యం ఉందా? ఉంటే దానికి చివరి రౌండు ఓట్లు సరిపోతాయా?
- మార్పుకు కౌన్సిల్ తీర్మానం చాలా, చార్టర్ (నగర పాలనకు మూలమైన పత్రం) సవరణ కావాలా, ఓటర్ల ఆమోదం కావాలా?
- మన ఎన్నికను నిర్వహించేది మన సంస్థా, జిల్లా స్థాయి అధికారులా? వారికి సమ్మతమేనా?
- ఓటింగ్ యంత్రాలకు, సాఫ్ట్‌వేర్‌కు ఏ స్థాయి ధ్రువీకరణ తప్పనిసరి?
- అదే రోజు మరో ఎన్నిక కూడా జరుగుతుందా?

చివరి ప్రశ్నను తేలిగ్గా తీసుకోవద్దు. 2007లో స్కాట్లాండ్‌లో పార్లమెంటు ఎన్నికా స్థానిక ఎన్నికా ఒకే రోజు వచ్చాయి. ఒకదానిలో ఇంటూ గుర్తు పెట్టాలి, మరొకదానిలో అంకెలు వేయాలి. పార్లమెంటు బ్యాలెట్లు పెద్ద సంఖ్యలో చెల్లకుండా పోవడానికి ప్రధాన కారణం ఆ బ్యాలెట్ రూపమే అయినా, తర్వాత ఆ రెండు ఎన్నికలనూ వేర్వేరు ఏడాదులకు మార్చారు.

## 4. ఒకసారి చేత్తో లెక్కించండి

నిర్ణయం తీసుకునే ప్రతి ఒక్కరూ ఒక్కసారైనా కాగితం మీద లెక్కించి చూడాలి. ఉపన్యాసాలు విన్నదాని కంటే ఒక అరగంట లెక్కింపులో ఎక్కువ అర్థమవుతుంది.

ఒక మేయర్ పదవికి క, గ, చ, డ అనే నలుగురు, మొత్తం 1,000 చెల్లిన ఓట్లు అనుకుందాం.

మొదటి రౌండు: క 380, గ 290, చ 210, డ 120. ఎవరికీ 501 రాలేదు. చివరనున్న డ తొలగిపోతారు.

రెండో రౌండు: డ బ్యాలెట్లలో రెండో ప్రాధాన్యంగా చకు 60, గకు 30, కకు 20 ఉన్నాయి, 10 మంది రెండో ప్రాధాన్యం ఇవ్వలేదు. ఇప్పుడు క 400, గ 320, చ 270, ప్రాధాన్యాలు అయిపోయినవి 10. చ తొలగిపోతారు.

మూడో రౌండు: చ దగ్గరున్న 270లో 170 గకు, 60 కకు వెళ్లాయి, 40 బ్యాలెట్లలో ఇక ఎవరి పేరూ లేదు. ఇప్పుడు క 460, గ 490, అయిపోయినవి 50. గ గెలిచారు.

ఈ ఫలితాన్ని రెండుసార్లు చూడండి. 490 అంటే పోటీలో మిగిలిన 950 ఓట్లలో 51.6 శాతం, మొదట వేసిన 1,000 ఓట్లలో 49 శాతమే. అందుకే "విజేతకు ఎప్పుడూ సగానికి పైగా ఓటర్ల మద్దతు ఉంటుంది" అని కరపత్రంలో రాయకూడదు. "చివరి రౌండులో మిగిలిన ఓట్లలో సగానికి పైగా" అన్నదే నిజం. 2021లో న్యూయార్క్ మేయర్ పదవికి పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రాథమిక ఎన్నికలో చివరి ఇద్దరి మధ్య తేడా 7,197 ఓట్లు, అప్పటికి ప్రాధాన్యాలు అయిపోయిన బ్యాలెట్లు సుమారు 1,40,000. ప్రత్యర్థులు ఆ అంకెను ఎలాగూ బయటపెడతారు, కాబట్టి మీరే ముందు చెప్పడం మంచిది. అలాంటి బ్యాలెట్లు పాత పద్ధతిలోనూ ఓడినవారికి పడిన ఓట్లుగానే మిగిలేవన్న మాటను కూడా అప్పుడే చెప్పవచ్చు.

ఇంకొక చేదు నిజం కూడా కాగితం మీదే చూడాలి. వెర్మాంట్‌లోని బర్లింగ్టన్‌లో 2009 మేయర్ ఎన్నిక ముగ్గురి మధ్య గట్టి పోటీగా సాగింది. మూడో స్థానంలో ఉండి తొలగిపోయిన అభ్యర్థి, మిగిలిన ఇద్దరిలో ఎవరితో ముఖాముఖి పోటీ పడినా గెలిచేవాడని బ్యాలెట్లే చూపించాయి. చివరి రౌండు 4,313, 4,061 ఓట్లతో ముగిసింది. 2010లో అక్కడి ఓటర్లు ఈ పద్ధతిని రద్దు చేశారు, 2021లో కౌన్సిల్ ఎన్నికలకు మళ్లీ ఆమోదించారు. అందరికీ రెండో ప్రాధాన్యంగా ఇష్టమైన వ్యక్తి ముందే తొలగిపోయే అవకాశం ఈ పద్ధతిలో ఉంది. తరచుగా జరగదు, కానీ ఉంది. ముగ్గురూ సమాన బలంతో ఉన్న ఊళ్లో ఈ విషయాన్ని దాచి ఆమోదం తెచ్చుకుంటే ఆ ఆమోదం ఎక్కువ కాలం నిలవదు.

## 5. లెక్కింపు నియమాలను అక్షరాలా రాయండి

మొత్తం మార్గదర్శిలో అసలైన పని ఇదే. చాలా తీర్మానాలు "చివరి అభ్యర్థిని తొలగిస్తూ లెక్కించాలి" అన్న ఒక్క వాక్యంతో ఆగిపోయి మిగిలినదంతా సాఫ్ట్‌వేర్‌కు వదిలేస్తాయి. అప్పుడు సాఫ్ట్‌వేర్‌లోని ఒక సెట్టింగే చట్టం అవుతుంది.

అలా జరిగింది కూడా. 2022లో కాలిఫోర్నియాలోని అలమీడా కౌంటీలో, మొదటి ప్రాధాన్యపు గడిని ఖాళీగా వదిలి రెండో గడిలో గుర్తు పెట్టిన బ్యాలెట్లను మొదటి రౌండులోనే తర్వాతి పేరుకు చేర్చవలసి ఉండగా, ఒక సెట్టింగు పొరపాటుతో అవి పక్కన ఉండిపోయాయి. ఓక్‌లాండ్ పాఠశాల బోర్డులోని ఒక స్థానానికి ఓడిన వ్యక్తినే విజేతగా ధ్రువీకరించారు. తర్వాత విషయం కోర్టు దాకా వెళ్లి ఫలితం మారింది. బయటివాళ్లు బ్యాలెట్ల రికార్డును మళ్లీ లెక్కించకపోయి ఉంటే ఆ తప్పు బయటపడేది కాదు.

మీ నియమావళిలో ఈ ప్రశ్నలన్నింటికీ సమాధానం ఉండాలి:

- వదిలేసిన ర్యాంకు. 1, 3 ఉండి 2 లేకపోతే మూడోదాన్ని రెండోదిగా తీసుకుంటారా? వరుసగా రెండు గడులు ఖాళీగా ఉంటే ఆ బ్యాలెట్ అక్కడితో ఆగిపోతుందా?
- ఒకే ర్యాంకులో ఇద్దరు. ఆ బ్యాలెట్ అక్కడే ఆగుతుందా, లేక ఆ గడిని మాత్రమే దాటేసి ముందుకు వెళ్తుందా?
- ఒకే అభ్యర్థికి అనేక ర్యాంకులు. మొదటిదాన్నే లెక్కించి మిగిలినవి వదిలేస్తారా?
- అంకె బదులు ఇంటూ గుర్తు. ఒక్క గుర్తే ఉంటే దాన్ని మొదటి ప్రాధాన్యంగా తీసుకుంటారా?
- సమానమైన ఓట్లు. చివరి స్థానంలో ఇద్దరికి సమానంగా వస్తే ముందు రౌండు చూస్తారా, చీటీ తీస్తారా? ఆ చీటీని ఎవరు, ఎప్పుడు, ఎవరి సమక్షంలో తీస్తారు?
- గుంపుగా తొలగింపు. కింద ఉన్న కొందరి ఓట్లన్నీ కలిపినా పైవారిని అందుకోలేవని తేలితే ఒకేసారి తొలగించవచ్చా? పై ఉదాహరణలో చ, డ ఓట్లు కలిపితే 330, గ కంటే ఎక్కువ, కాబట్టి అక్కడ కుదరదు.
- లెక్కింపు ఎక్కడ ఆగుతుంది. సగం దాటగానేనా, ఇద్దరే మిగిలేదాకానా? ఇద్దరే మిగిలేదాకా లెక్కించడమే మంచిదని నా అభిప్రాయం, అప్పుడు విజేతకున్న మద్దతు పూర్తిగా కనిపిస్తుంది.
- చనిపోయిన లేదా తప్పుకున్న అభ్యర్థి. పేరు బ్యాలెట్‌లో ఉండిపోతే ఆ ఓట్లు వెంటనే తర్వాతి పేరుకు వెళ్తాయా?

రాసిన తర్వాత ఒక పరీక్ష పెట్టండి. ఈ చిక్కులన్నీ ఉన్న ఇరవై నమూనా బ్యాలెట్లు తయారు చేసి, నియమావళి ప్రతిని మాత్రమే చేతికిచ్చి, చర్చలో పాల్గొనని రెండు బృందాలతో విడివిడిగా లెక్కింపజేయండి. రెండు ఫలితాలూ ప్రతి రౌండులో ఒకేలా రావాలి. రాకపోతే తప్పు ఆ బృందాలది కాదు, మీ వాక్యానిది. ఆ ఇరవై బ్యాలెట్లనూ దాచిపెట్టండి, ఎనిమిదో అడుగులో యంత్రాన్ని పరీక్షించడానికి అవే కావాలి.

## 6. అనేక స్థానాలైతే అదనంగా తేల్చవలసినవి

ఒకే స్థానానికైతే ఈ అడుగు దాటేయవచ్చు.

కోటా లెక్క సులువు. చెల్లిన ఓట్లను స్థానాల సంఖ్యకు ఒకటి కలిపి వచ్చినదానితో భాగించి, పూర్ణాంకానికి ఒకటి కలపాలి. మూడు స్థానాలు, 10,000 ఓట్లు అయితే 2,500కు ఒకటి కలిపి 2,501.

మిగులు బదిలీలోనే అసలు చిక్కు. 3,001 ఓట్లు వచ్చిన అభ్యర్థి దగ్గర 500 మిగులు. ఆ 500 ఏ కాగితాలు? ఒక మార్గం 3,001 కాగితాల్లోంచి ఏదో క్రమంలో 500 ఎంచి పంపడం. కేంబ్రిడ్జ్‌లో ఈ తరహా పద్ధతే ఉంది, అందువల్ల కాగితాలు ఏ వరుసలో ఉన్నాయన్నది కూడా ఫలితాన్ని కొద్దిగా ప్రభావితం చేయగలదు. రెండో మార్గం 3,001 కాగితాలనూ పంపి, ఒక్కోదానికి 500ను 3,001తో భాగించిన విలువను, అంటే సుమారు 0.1666ను ఇవ్వడం. వాటిలో 1,800 మంది తర్వాతి ప్రాధాన్యంగా గ అనే మరో అభ్యర్థిని ఎంచుకుంటే గకు సుమారు 300 ఓట్లు చేరతాయి. స్కాట్లాండ్ వాడేది ఈ భిన్నపు విలువల పద్ధతినే. కొత్తగా మొదలుపెట్టేవారు దీన్నే ఎంచుకోవాలి, ఎన్నిసార్లు లెక్కించినా ఫలితం మారదు కాబట్టి. దశాంశ బిందువు తర్వాత ఎన్ని అంకెల దాకా లెక్కించాలో కూడా నియమంలో రాయండి.

వార్డుకు ఎన్ని స్థానాలు అన్నది రాజకీయ నిర్ణయం. రెండు స్థానాలైతే గెలుపుకు దాదాపు 33 శాతం కావాలి, మూడైతే 25, అయిదైతే 17 కంటే కాస్త తక్కువ. స్థానాలు పెరిగిన కొద్దీ చిన్న వర్గాలకు చోటు దొరుకుతుంది, బ్యాలెట్ పొడవూ పెరుగుతుంది.

## 7. బ్యాలెట్‌ను రూపొందించండి

ముందుగా ఎన్ని ర్యాంకులు అనుమతించాలో తేల్చాలి. శాన్‌ఫ్రాన్సిస్కో మొదట మూడింటికే పరిమితం చేసింది, యంత్రాలు అంతకంటే ఎక్కువ తీసుకోలేకపోయాయి. తర్వాత పదికి పెంచింది. న్యూయార్క్ అయిదు ఇస్తుంది, పోర్ట్‌లండ్ ఆరు. మిన్నియాపోలిస్‌లో 2013 మేయర్ ఎన్నికకు 35 మంది పోటీ చేశారు, ర్యాంకులు మూడే, ఫలితం తేలడానికి రెండు రోజులు పట్టింది. మరుసటి ఏడాది ఆ పదవికి నామినేషన్ రుసుమును 20 డాలర్ల నుంచి 500 డాలర్లకు పెంచడానికి అక్కడి ఓటర్లు ఒప్పుకున్నారు. అంటే అభ్యర్థుల సంఖ్యను ఆపే నియమాలు కూడా ఈ నిర్ణయంలో భాగమే. యంత్రం అనుమతిస్తే అయిదు లేదా ఆరు ర్యాంకులు చాలా ఊళ్లకు సరిపోతాయి.

రూపం రెండు రకాలు. పేర్ల పక్కన అంకె రాసే గడి ఒకటి, పేర్లు నిలువుగా ర్యాంకులు అడ్డంగా ఉండి సున్నాలు నింపే పట్టిక మరొకటి. అంకెల రూపం చేతి లెక్కింపుకు అనువైనది, పట్టిక స్కానర్లకు అనువైనది. పట్టికలో జనం చేసే తప్పు ఒకటే: ఇష్టమైన ఒక్కరికే అన్ని ర్యాంకుల్లోనూ సున్నాలు నింపుతారు, అలా చేస్తే బలం పెరుగుతుందని అనుకుంటారు. పెరగదని బ్యాలెట్ పైనే ఒక చిన్న వాక్యంలో చెప్పండి.

పేర్ల వరుస గురించి కూడా ఆలోచించాలి. స్కాట్లాండ్‌లో పేర్లు అక్షరక్రమంలో ఉండటంతో ఒకే పార్టీ నుంచి నిలబడ్డ ఇద్దరిలో పైనున్న పేరుకు మొదటి ప్రాధాన్యాలు ఎక్కువగా పడటం గమనించారు. ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో బ్యాలెట్ల మధ్య పేర్ల వరుస మారుస్తూ ముద్రిస్తారు. ముద్రణ ఖర్చు భరించగలిగితే అదే మేలు.

ముద్రణకు ముందు కనీసం ముప్పై మంది సాధారణ ఓటర్ల చేత, వారిలో వృద్ధులూ ఆ భాష అంతగా చదవలేనివారూ ఉండేలా చూసి, నమూనా బ్యాలెట్ నింపించండి. పక్కన నిలబడి వివరించకూడదు. తప్పులు లెక్కపెట్టి, రూపం మార్చి, మళ్లీ కొత్తవారితో చేయించండి.

## 8. యంత్రాలు, సాఫ్ట్‌వేర్, లెక్కింపు కేంద్రం

మామూలు ఎన్నికలో ఒక్కో పోలింగ్ కేంద్రపు మొత్తాలను కలిపితే ఫలితం వస్తుంది. ఇక్కడ మొదటి ప్రాధాన్యాలను మాత్రమే అలా కలపవచ్చు. ఎవరు తొలగిపోతారన్నది ఊరంతటి లెక్క తెలిశాకే తేలుతుంది కాబట్టి, ప్రతి బ్యాలెట్‌లోని మొత్తం గుర్తుల రికార్డు, లేదా బ్యాలెట్లే, ఒకచోటికి చేరాలి. రవాణా, భద్రత, సీలు, ఏజెంట్ల హాజరు అన్నీ దీని ప్రకారం మళ్లీ ప్రణాళిక వేయాలి.

సరిచూసుకోవలసిన పట్టీ:

- స్కానర్ ప్రతి బ్యాలెట్‌కు విడి రికార్డు ఇస్తుందా, మొత్తాలు మాత్రమేనా?
- అయిదో అడుగులోని ప్రతి నియమానికీ సాఫ్ట్‌వేర్‌లో సంబంధిత సెట్టింగ్ ఏది? ఆ జాబితా మీద ఇద్దరు అధికారుల సంతకం ఉందా?
- ఇరవై చిక్కు బ్యాలెట్లను యంత్రంతో లెక్కిస్తే చేతి లెక్కతో ప్రతి రౌండులో సరిపోయిందా?
- వేరొక సాఫ్ట్‌వేర్‌తో స్వతంత్రంగా మళ్లీ లెక్కించే ఏర్పాటు ఉందా?
- పరీక్ష కోసం ఎక్కించిన బ్యాలెట్లను తుడిచేశామని రాతపూర్వకంగా ధ్రువీకరించే వ్యక్తి ఎవరు?

చివరిది అతిజాగ్రత్తగా అనిపించవచ్చు. 2021 జూన్ 29న న్యూయార్క్ ఎన్నికల బోర్డు విడుదల చేసిన తొలి లెక్కల్లో సుమారు 1,35,000 పరీక్ష బ్యాలెట్లు కలిసిపోయాయి, కొద్ది గంటల్లోనే వాటిని ఉపసంహరించుకోవలసి వచ్చింది. పద్ధతిలో లోపం లేదు, తుడవడం మరిచారు. అయినా నింద పద్ధతి మీదే పడింది.

బ్యాలెట్ రికార్డులను ఎవరైనా మళ్లీ లెక్కించేలా బహిరంగంగా ఉంచడం మంచిది. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. పదిమందిని పది ర్యాంకుల్లో అమర్చడానికి 36,28,800 వరుసలున్నాయి, కాబట్టి ఓటు కొన్నవారు ఒక ప్రత్యేక వరుసను ఆనవాలుగా చెప్పి తర్వాత రికార్డులో వెతుక్కోగలరు. పోలింగ్ కేంద్రం వివరాన్ని తీసేసి, లేదా చిన్న కేంద్రాలను కలిపి ప్రచురిస్తే ఈ ప్రమాదం చాలా తగ్గుతుంది.

## 9. ఓటర్లకు, అభ్యర్థులకు ఏం చెప్పాలి

ఓటర్లకు లెక్కింపు మొత్తం నేర్పాలని ప్రయత్నించకండి. వారికి కావలసినవి నాలుగు మాటలే: మొదట నచ్చినవారికి 1 వేయండి, తర్వాత నచ్చినవారికి 2, ఆ తర్వాత 3, ఇద్దరికి ఒకే అంకె వద్దు, రెండో ప్రాధాన్యం ఇస్తే మొదటివారికి నష్టం లేదు, మొదటివారు పోటీలో ఉన్నంతసేపూ అది లెక్కలోకే రాదు. అందరికీ ర్యాంకు ఇవ్వడం తప్పనిసరో కాదో కూడా చెప్పాలి.

అభ్యర్థులకు మాత్రం పూర్తి శిక్షణ ఇవ్వాలి. మొదటి రౌండులో ముందున్నవారు చివరికి ఓడిపోవచ్చని ముందే తెలియకపోతే, ఆ రాత్రి మోసం జరిగిందన్న మాట వారి నోటినుంచే వస్తుంది. 2010లో ఓక్‌లాండ్ మేయర్ ఎన్నికలో మొదటి రౌండులో స్పష్టమైన ఆధిక్యంలో ఉన్న అభ్యర్థి చివరికి ఓడిపోయారు. నామినేషన్ల గడువు ముగిసిన వారంలోనే అభ్యర్థులందరినీ, వారి ఏజెంట్లనూ కూర్చోబెట్టి నాలుగో అడుగులోని ఉదాహరణను చేత్తో చేయించండి.

## 10. ఫలితాల రాత్రికి ముందే ప్రకటించవలసిన క్రమం

మొదటి ప్రాధాన్యాలను ఆ రాత్రే ప్రకటించండి, వాటిని ఫలితం అని మాత్రం పిలవవద్దు. తపాలా బ్యాలెట్లు ఇంకా రావలసి ఉంటే తొలగింపుల వరుస మారవచ్చు, వరుస మారితే విజేతా మారవచ్చు. కాబట్టి తాత్కాలిక రౌండ్లు ఏయే రోజుల్లో చూపుతారో, తుది లెక్కింపు ఏ రోజో తేదీలతో ముందే చెప్పాలి. తాత్కాలిక రౌండ్లను ప్రకటించిన ప్రతిసారీ ఇంకా ఎన్ని బ్యాలెట్లు లెక్కించాలో పక్కనే ఉండాలి.

ప్రతి రౌండు పట్టికలో అభ్యర్థుల ఓట్లు (బదిలీ అయి చేరినవి కలుపుకుని), ప్రాధాన్యాలు అయిపోయినవి కలిపితే మొదటి మొత్తానికి సమానం కావాలి. విలేకరులు కూడా తనిఖీ చేయగల సులువైన పరీక్ష ఇది.

## 11. తరచుగా జరిగే పొరపాట్లు, వాటి సవరణ

పొరపాటు: దామాషా ప్రాతినిధ్యం, అంటే మద్దతుకు తగ్గ సంఖ్యలో స్థానాలు, వస్తుందని చెప్పి ఒకే స్థానపు పద్ధతిని తేవడం. సవరణ: రెండో అడుగుకు వెనక్కి వెళ్లండి. వార్డుల సరిహద్దులు కూడా మార్చవలసి రావచ్చు.

పొరపాటు: ఎన్నికకు ఆరు నెలల ముందు తీర్మానించడం. సవరణ: ధ్రువీకరణ, ముద్రణ, శిక్షణ, ఓటర్ల సమాచారం అన్నింటికీ సమయం కావాలి. ఏడాది కంటే తక్కువ ఉంటే తర్వాతి ఎన్నికకు పెట్టుకోండి.

పొరపాటు: రెండో విడత పోలింగ్ ఖర్చంతా ఆదా అవుతుందని చెప్పడం. సవరణ: సాఫ్ట్‌వేర్, పొడవైన బ్యాలెట్లు, ఓటర్ల శిక్షణ ఖర్చులను అదే పట్టికలో చూపండి. మొదటి ఎన్నికలో ఆదా కనిపించకపోవచ్చు.

పొరపాటు: ఒకే నగరంలో కొన్ని పదవులకు కొత్త పద్ధతి, కొన్నింటికి పాతది పెట్టి రెండింటినీ ఒకే కాగితంలో ముద్రించడం. సవరణ: వేర్వేరు కాగితాలు, వేర్వేరు రంగులు, సూచన రెండింటిపైనా.

పొరపాటు: చెల్లని ఓట్లనూ ప్రాధాన్యాలు అయిపోయిన ఓట్లనూ ఒకే వరుసలో చూపడం. సవరణ: మొదటివి ఓటరు పొరపాటు వల్ల అసలు లెక్కకే రానివి, రెండోవి లెక్కలో ఉండి మధ్యలో ఆగినవి. విడివిడిగా చూపండి.

## 12. మొదటి ఎన్నిక తర్వాత సమీక్ష

పోలింగ్ కేంద్రాల వారీగా ఈ అంకెలు తీయండి: చెల్లని బ్యాలెట్లు, ఒక్క ర్యాంకే ఇచ్చినవి, ర్యాంకులన్నీ వాడుకున్నవి, చివరి రౌండుకు ముందే ఆగిపోయినవి. ఆగిపోయినవాటిలో ర్యాంకులన్నీ వాడుకున్నవే ఎక్కువైతే ర్యాంకుల సంఖ్య పెంచాలి. ఒక్క ర్యాంకుతో ఆగినవి ఎక్కువైతే, అది ఓటరు ఎంపికా లేక సమాచారం అందకపోవడమా అన్నది తేల్చాలి. కొన్ని బస్తీల్లోనే అలాంటివి గుంపుగా కనిపిస్తే సమాచారం అందలేదనే అనుకుని, తర్వాతి ఎన్నికకు అక్కడి నుంచే శిక్షణ మొదలుపెట్టండి.

న్యూజిలాండ్‌లో ఒకసారి పద్ధతిని మార్చాలని నిర్ణయిస్తే అది కనీసం రెండు ఎన్నికలకు కొనసాగుతుంది. అదే నియమాన్ని మీ తీర్మానంలోనూ చేర్చండి. రెండో ఎన్నిక ముగిసిన ఎన్ని రోజుల్లో సమీక్ష నివేదిక రావాలి, దాన్ని ఎవరు రాయాలి, ఏయే అంకెలు అందులో తప్పనిసరిగా ఉండాలి అన్నవి కూడా ఆ తీర్మానంలోనే, మొదటి బ్యాలెట్ ముద్రించకముందే రాయించండి.